మండని విస్కీ కావాలంటే: కొత్తవారికి ఐరిష్ సీసా ఎంపిక

అందరికీ నమస్కారం. మీ ముందు మూడు గ్లాసులున్నాయి. ఒక్కోదాంట్లో 20 మిల్లీలీటర్లు, అంటే మూడూ కలిపితే మన లెక్కలో ఒక లార్జ్. పక్కన మంచినీళ్లు, ఒక టీ చెంచా పెట్టించాం. గ్లాసులు అప్పుడే ఎత్తకండి. కారు తాళాలు జేబులో ఉన్నవాళ్లు మాత్రం ఈ పూట వాసనతో సరిపెట్టుకోండి. ఐర్లండ్‌లో మామూలు డ్రైవరుకు 100 మి.లీ. రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా పరిమితి. లెర్నర్ పర్మిట్ వాళ్లకూ, లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండనివాళ్లకూ అది 20 మాత్రమే. ఈ దేశానికి కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామంది ఈ రెండో వరసలోనే ఉంటారు.

"ఎప్పుడూ తాగలేదండీ, స్మూత్‌గా ఉండేది ఒకటి చెప్పండి." విస్కీ షాపులో రోజూ వినిపించే మాట ఇది. స్మూత్ అని లేబుల్ మీద ఎవరైనా వేసుకోవచ్చు, దానికి చట్టంలో నిర్వచనమేమీ లేదు. గొంతులో గీరుకోకుండా దిగడానికి రెండు దారులున్నాయి. ఒకటి, విస్కీలో బరువే లేకపోవడం: పట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి జారిపోతుంది. రెండోది, నూనెలాంటి చిక్కదనం నాలుకకు పట్టి మంటను కప్పేయడం. మీకు ఏది నచ్చుతుందో తేలితే సీసా ఎంచుకోవడం సులువు. ఈ మూడు గ్లాసులూ అందుకే.

ఐరిష్ విస్కీ అంటే ధాన్యంతో చేసి, ఐర్లండ్ దీవిలోనే, 700 లీటర్లకు మించని చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు నిల్వ ఉంచినది. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. చట్టం అడిగేది దాదాపు ఇంతే. మూడుసార్లు బట్టీ పెట్టి తీరాలని ఎక్కడా లేదు. ఐరిష్ అంటే మూడుసార్లు, స్కాచ్ అంటే రెండుసార్లు అని చాలామంది కంఠతా పట్టేశారు గానీ, కానెమారా అనే ఐరిష్ బ్రాండు రెండుసార్లే తీసేది. పైగా దానికి పీట్ అనే బురదనేల మట్టిని కాల్చిన పొగ వాసన. స్మూత్ అనుకుని తీసుకెళ్లిన కొత్తవాడు మొదటి గుక్కకే సీసా పక్కన పెట్టేస్తాడు. పొగ ఇష్టపడేవాళ్లకు అది మంచి విస్కీయే, మొదటి సీసాగా కాదు.

మూడోసారి బట్టీ ఎక్కిస్తే ఏమవుతుంది? రాగి బట్టీలో రెండుసార్లు తీసిన సరుకు సుమారు 70 శాతం బలంతో వస్తుంది. మూడోసారి తీస్తే 80 దాటుతుంది. బరువైన, గంధకం వాసన వేసే పదార్థాలు వెనకబడిపోతాయి. రాగి తగిలిన కొద్దీ ఆ గంధకం ఇంకాస్త తగ్గుతుంది. మిగిలేది పళ్ల వాసనలున్న తేలికైన స్పిరిట్. ఇక కాలమ్ అనే ఎత్తైన గొట్టపు బట్టీలో తీసే గ్రెయిన్ విస్కీ ఇంకా తేలిక. దాని పరిమితి 94.8 శాతం. ఆ కాలమ్‌కు 1830లో పేటెంట్ తీసుకున్న ఈనియస్ కాఫీ ఐర్లండ్‌లో ఎక్సైజ్ అధికారిగా చేసినవాడు. డబ్లిన్ పెద్ద డిస్టిలరీలు దాన్ని చులకనగా చూస్తే స్కాట్లండ్ వాళ్లు అందిపుచ్చుకున్నారు. ఇవాళ సూపర్‌మార్కెట్‌లో కనిపించే ఐరిష్ బ్లెండ్లలో, అంటే రకరకాల విస్కీలు కలిపిన వాటిలో, చాలావాటికి వెన్నెముక ఆ గ్రెయినే.

ఇప్పుడు ఎడమ చేతి గ్లాసు. ఇది జేమ్సన్. కార్క్ కౌంటీలోని మిడిల్‌టన్‌లో తీసిన పాట్ స్టిల్ (రాగి కుండ బట్టీలో తీసిన విస్కీ), గ్రెయిన్ కలిపిన బ్లెండ్. గ్లాసును ముక్కుకు ఆనించకండి, గడ్డం దగ్గర పెట్టి నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. ముక్కు లోపలికి దూర్చి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ ఆవిరే తగిలి, ఆ తర్వాత కాసేపు వాసనలేమీ పట్టవు. వెనిలా, ఆపిల్ తొక్క, కొంచెం గింజ వాసన వస్తాయి. ఇప్పుడు చెంచాలో సగం పట్టేంత నోట్లోకి తీసుకుని నాలుకంతా తిప్పి, అయిదు లెక్కపెట్టి మింగండి. షాట్‌లా వెనక్కి విసిరితే గొంతుకు మంట తప్ప ఏమీ తెలియదు. మొదటి గుక్క అందరికీ మండుతుంది, దాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి. రెండో గుక్కతోనే రుచి మొదలవుతుంది. తేలిగ్గా వచ్చి తేలిగ్గా పోయింది కదా? నేను చెప్పిన మొదటి దారి అదే.

మధ్యది బ్లాక్ బుష్. ఉత్తర ఐర్లండ్‌లో, ఆంట్రిమ్ కౌంటీలోని బుష్‌మిల్స్ వాళ్లది. సీసా మీది 1608 చూసి కంపెనీ వయసనుకోకండి, అది ఆ ప్రాంతంలో బట్టీకి రాజు ఇచ్చిన అనుమతి సంవత్సరం. కంపెనీ పెట్టింది 1784లో. ఇదీ బ్లెండే, కాకపోతే ఎక్కువ భాగం మాల్టు (మొలకెత్తించిన బార్లీతో తీసిన విస్కీ), అదీ షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాల్లో పెట్టినది. ఎండుద్రాక్ష, బాదం తగులుతాయి. రంగు ముదురుగా ఉందని మురిసిపోవద్దు. ఐరిష్ విస్కీలో కారమెల్ రంగు కలపడానికి అనుమతి ఉంది, కాబట్టి రంగును చూసి వయసు చెప్పలేం.

కుడి చేతిది గ్రీన్ స్పాట్, సింగిల్ పాట్ స్టిల్. ఇక్కడ కాస్త నిదానించండి. దీనికి మొలకెత్తించిన బార్లీ కనీసం 30 శాతం, మొలకెత్తించని పచ్చి బార్లీ కనీసం 30 శాతం పడాలి. 1785లో మాల్టు మీద పన్ను పడ్డాక పచ్చి బార్లీ వాడకం బాగా పెరిగిందంటారు. పన్ను పోయినా రుచి ఉండిపోయింది. ఆ పచ్చి బార్లీ వల్లే నాలుక మీద మీగడ పొరలాంటి చిక్కదనం, చివర్లో లవంగం ఘాటు. మింగాక కూడా నోట్లో నిలుస్తుంది. డబ్లిన్ వైన్ వ్యాపారులు మిచెల్ అండ్ సన్ వాళ్లు పీపాల మీద రంగు చుక్కలు పెట్టి వయసు గుర్తుపట్టేవారు: నీలం 7 ఏళ్లు, ఆకుపచ్చ 10, పసుపు 12, ఎరుపు 15. పేరు అక్కడిదే. ఇప్పటి గ్రీన్ స్పాట్ మీద వయసు ఉండదు.

మూడో గ్లాసు మండిందని కొందరు మొహం చిట్లిస్తున్నారు. చెంచా అందుకే. 20 మి.లీ. విస్కీలో సగం టీ చెంచా, అంటే రెండున్నర మిల్లీలీటర్లు నీళ్లు పోస్తే 40 శాతం కాస్తా దాదాపు 36కి దిగుతుంది. నిండు చెంచా పోస్తే 32. పోసి ఒక నిమిషం ఆగి మళ్లీ వాసన చూడండి. సగం చెంచాతో మొదలుపెట్టండి, ఎక్కువైతే వెనక్కి తీయలేం. టీలింగ్ స్మాల్ బ్యాచ్ లాంటివి 46 శాతంతో వస్తాయి. వాటిని నేరుగా తాగి "ఇది స్మూత్ కాదు" అనడం అన్యాయం. 20కి 3 మిల్లీలీటర్లు నీళ్లు కలిపితే అదీ 40కి వస్తుంది, అప్పుడు పోల్చండి. ఐస్ సంగతి వేరు. చల్లదనం మంటతో పాటు వాసననూ తీపినీ అణిచేస్తుంది. వేసవిలో వేసుకోండి, రుచి చూసేటప్పుడు వద్దు.

ఇక మనవాళ్ల అసలు సమస్య, మంచింగ్. మిరపకాయ కారాన్ని పసిగట్టే గ్రాహకం ఒకటి నోట్లో ఉంటుంది, దాని పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా అది 42 డిగ్రీల ప్రాంతంలో వేడికి స్పందిస్తుంది. ఆల్కహాల్ తగిలితే ఆ గీత సుమారు 34కి పడిపోతుంది. అంటే మన ఒంటి వేడే దానికి మంటగా తోస్తుంది. విస్కీ మంట ఇదే. దాని మీద మిర్చి బజ్జీ, కారప్పొడి చల్లిన పల్లీలు పెడితే ఒకే తలుపును ఇద్దరు బాదినట్టు. ఏ సీసా తెచ్చినా స్మూత్‌గా ఉండదు. అందుకే ఇవాళ ఉప్పు వేయని జీడిపప్పు, చెడర్ చీజ్ పెట్టించాం. అపోలో ఫిష్ అడిగినవాళ్లకు క్షమాపణలు. గ్లాసులు ఖాళీ అయ్యాక వస్తుంది.

ధర విషయం క్లుప్తంగా. 2022 జనవరి నుంచి ఐర్లండ్‌లో గ్రాము ఆల్కహాల్‌కు 10 సెంట్ల కనీస ధర ఉంది. ఆ లెక్కన 40 శాతం 700 మి.లీ. సీసా సుమారు 22 యూరోలకు తగ్గదు. కాబట్టి మరీ చవక బ్రాండు వెతకడంలో మిగిలేదేమీ లేదు. ఇంకొంచెం డబ్బు కలిపితే పేరున్న బ్లెండే వస్తుంది. ఎడమ గ్లాసు నచ్చినవాళ్లు జేమ్సన్ గానీ, పాట్ స్టిల్, మాల్ట్, గ్రెయిన్ మూడూ కలిపే టల్లమోర్ డ్యూ గానీ కొనుక్కోండి. కుడి గ్లాసు నచ్చినవాళ్లకు తర్వాతి మెట్టు రెడ్‌బ్రెస్ట్ 12. ఎటూ తేల్చుకోలేనివాళ్లకు బ్లాక్ బుష్. సీసాను వైన్‌లా పడుకోబెట్టకండి, ఆ బలానికి కార్కు పాడవుతుంది. నిలబెట్టి, ఎండ తగలని చోట ఉంచండి.

ఇండియాలో ఇంటికెళ్లేటప్పుడు బాబాయిలకు, మావయ్యలకు ఏది పట్టుకెళ్లాలని తప్పకుండా అడుగుతారు. అక్కడ అలవాటైన విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ స్పిరిట్, బలం 42.8 శాతం, అదీ సోడా నిండా పోసి తాగడం. ఆ సోడాలో తేలిక బ్లెండ్ కనిపించకుండా పోతుంది, "నీళ్లలా ఉందిరా" అంటారు. బ్లాక్ బుష్ నిలబడుతుంది. ఒకటికి రెండు పాళ్లు సోడా దాటనివ్వకండి. భారత్‌లోకి మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం ఉండదు. డబ్లిన్ ఎయిర్‌పోర్టులో కొంటే, దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారేదాకా కాదు, శంషాబాద్‌లో దిగేదాకా ఆ సీల్ వేసిన సంచి విప్పకండి. మధ్యలో విప్పితే ట్రాన్సిట్ చెకింగ్‌లో తీసేసుకుంటారు. ముందే కొన్నదైతే బట్టల మధ్య చుట్టి చెకిన్ పెట్టెలో వేసేయండి.