ఖర్చు రాయని పద్దు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ ఏడాది కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు మరీ ముఖ్యంగా.

నన్ను పరిచయం చేస్తూ ఇప్పుడు చదివిన కాగితంలో తప్పేమీ లేదు. 36 ఏళ్ల సర్వీసు, ప్రమోషన్లు, అవార్డులు, అన్నీ నిజమే. కానీ నేను పద్దులు రాసి బతికినవాణ్ణి. జమ ఒక్కటే ఉండి ఖర్చు లేని పుస్తకం మీద ఏ ఆడిటరూ సంతకం పెట్టడు. ఆ ఖర్చు నేనే చెబుతాను.

విజయాన్ని ఎలా కొలవాలో మాట్లాడమన్నారు. మూడు భాగాలుగా రాసుకొచ్చాను. మొదటిది ఆరోగ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, ఆ పైన చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016లో ఇలా 7,45,000 మంది పోయారని వాళ్ల అంచనా. నేను 70 గంటలు చేసేవాణ్ణి. "ఆయన లైటు ఆపితేగానీ ఆఫీసు మూతపడదు" అంటే పొంగిపోయేవాణ్ణి.

రెండో భాగం... ఆగండి. ముందు ఈ డైరీ చూపించాలి.

రిటైరయ్యాక అటక మీంచి దించాను. రోజుకో పేజీ. పనులు వరసగా రాసుకుని, అయితే టిక్కు, కాకపోతే బాణం గుర్తు. బాణమంటే రేపు చూద్దామని. ఇదిగో, ఒక సోమవారం. అయిదో నంబరు: "అమ్మకు ఫోన్". బాణం. మంగళవారం, "అమ్మకు ఫోన్". బాణం. బుధవారమూ అంతే. ఇలా పదకొండు పేజీలు. పన్నెండో పేజీలో ఆ మాట లేదు. రైలు టైము రాసి ఉంది.

ఆ పదకొండు రోజుల్లో టిక్కు పడినవి నలభై ఏడు. కూర్చుని లెక్కపెట్టాను. "రివ్యూ నోట్", "పెండింగ్ ఫైలు", "స్టేట్‌మెంట్ సరిచూడాలి". అందులో ఒక్కటైనా దేని గురించో ఇవాళ నాకు గుర్తులేదు. అమ్మ ఆఖరిసారి ఫోన్లో ఏమందో అదీ గుర్తులేదు. అదే ఆఖరిదని తెలియక సగం విని పెట్టేశాను.

నన్ను ఎవరూ ఆపలేదండీ. మా పైఅధికారి అడిగితే పది నిమిషాలు ఇవ్వని మనిషి కాదు. నేనే అడగలేదు. ఆ బాణాలు గీసింది ఈ చెయ్యే. ప్రమోషన్ వచ్చాక తీరిగ్గా మాట్లాడదాం అనుకున్నాను. వచ్చింది. ఆర్డరు చేతికందగానే నా వేళ్లు నొక్కబోయిన నంబరు అమ్మదే.

కష్టపడొద్దని పిల్లలకు చెప్పడం లేదు. నా జీతంతోనే తమ్ముళ్లు చదువుకున్నారు, ఇల్లు నిలబడింది. దాన్ని చిన్నబుచ్చను. కానీ అప్పు తీసుకునేవాడికి వడ్డీ ఎంతో ముందే చెబుతారు కదా, మనకు ఎవరు చెబుతున్నారు? "మీవాడు ఏం చేస్తున్నాడు?" అంటే జీతం చెబుతాం. "ఎలా ఉన్నాడు?" అన్నా మళ్లీ జీతమే చెబుతాం. తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను, నొచ్చుకోకండి.

రెండో భాగం ఒక్క ముక్కలో చెప్పేస్తాను. హార్వర్డ్‌లో 1938లో మొదలైన పరిశోధన ఒకటుంది. వందల మంది జీవితాలను దశాబ్దాల తరబడి గమనించారు. యాభై ఏళ్ల వయసులో తమవాళ్లతో తృప్తిగా ఉన్నవాళ్లే ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని తేలింది. నాకు యాభై ఏళ్లప్పటి డైరీ కూడా ఇక్కడే ఉంది. అందులోనూ బాణాలే. ఈసారి మా అమ్మాయి పేరు పక్కన.

మూడో భాగం చదవను. మీ ఫోన్లు తీయండి. సభలో బాగోదని మొహమాటపడకండి, నేనే అడుగుతున్నాను. రేపటికి బాణం వేసిన పేరు మీ దగ్గరా ఒకటి ఉండే ఉంటుంది.

వెనక వరసలో ఎవరో లేస్తున్నారు. వెళ్లమ్మా, వెళ్లు. తలుపు తీసే ఉంది.