నూటికి ఐదుగురు
(ఒక కళాశాల సోషియాలజీ విభాగం సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను, ఏమీ అనుకోకండి. శాలువాకీ, పూలమొక్కకీ కృతజ్ఞతలు. మైకు కొంచెం ఇటు జరపండి బాబూ. ఆఁ, చాలు.

ఇండోనేషియా యువత, నమ్మకం, డిజిటల్ జీవనం. వీటి మీద జరిగిన పరిశోధనల గురించి మాట్లాడమన్నారు. నాలుగు భాగాలుగా రాసుకొచ్చాను కూడా. కానీ ప్రారంభోపన్యాసంలో ప్రిన్సిపాల్ గారు ఒక మాటన్నారు: ‘ఈ తరానికి ఫోను మీదున్న నమ్మకం మనిషి మీద లేదు’ అని. ముందు వరసలో పెద్దవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. వెనకాల పిల్లలు కొట్టలేదు, నేను చూశాను. కాబట్టి కాగితాలు పక్కన పెట్టి ఆ మాట సంగతే ముందు చూద్దాం.

ఇండోనేషియాలో 2020 జనాభా లెక్కల ప్రకారం 27 కోట్ల మంది ఉన్నారు. 1997 నుంచి 2012 దాకా పుట్టిన జెన్ జీ నూటికి 28 మంది, వాళ్ళ పైతరం మిలేనియల్స్ ఇంకో 26 మంది. అంటే సగానికి పైగా దేశం వీళ్ళదే. అక్కడి 2009 యువజన చట్టం ప్రకారం యువత అంటే 16 నుంచి 30 ఏళ్ళ వాళ్ళు. మన పార్టీల్లో యువజన నాయకుల వయసు తెలిసినవాళ్ళకి ఆ చట్టం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, పోనివ్వండి.

ఇప్పుడు నా పాత గొడవకొస్తాను. ప్రపంచమంతా అడిగే ఒక సర్వే ప్రశ్న ఉంది: ‘సాధారణంగా ఎక్కువమందిని నమ్మొచ్చంటారా, లేక మనుషులతో చాలా జాగ్రత్తగా ఉండాలంటారా?’ రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. ప్రపంచ విలువల సర్వే వాళ్ళు 2018లో ఇండోనేషియాలో ఇదే అడిగారు. నమ్మొచ్చన్నవాళ్ళు నూటికి దాదాపు ఐదుగురు. ప్రపంచంలోనే అడుగున ఉండే అంకెల్లో ఒకటి. దాన్ని పట్టుకుని ఎన్ని వ్యాసాలో! నమ్మకం చచ్చిపోయింది, సమాజం ముక్కలైంది, అంతా సోషల్ మీడియా పుణ్యమే అని.

మరి అదే దేశం 2024 ప్రపంచ దాతృత్వ సూచీలో మొదటి స్థానంలో ఉంది. ఆ ఏడాదే కాదు, వరసగా కొన్నేళ్ళుగా. డబ్బు దానం చేశామన్నవాళ్ళు నూటికి 90 మంది. ఎవరినీ నమ్మని దేశం ఇలా చేతికి ఎముక లేకుండా ఇస్తుందా? ప్రశ్నలోనే తిరకాసుంది. మా అమ్మ వీధిలో అందరికీ పంచదార, కాఫీపొడి అప్పిచ్చేది. రాత్రి పడుకునే ముందు గడియ రెండుసార్లు లాగి చూసుకునేది. ఆవిణ్ణి ఈ ప్రశ్న అడిగితే ఏ గడిలో టిక్కు పెడతారు?

ఇండోనేషియాలోని జోగ్యకర్తా నగరంలో గజ మద విశ్వవిద్యాలయం దగ్గర కొన్నాళ్ళు ఒక కోస్‌లో ఉన్నాను. కోస్ అంటే విద్యార్థులు గదులు అద్దెకు తీసుకునే ఇల్లు, మన పీజీల్లాంటిది. ఇంటావిడని అందరం ‘ఇబు’ అనేవాళ్ళం, అంటే అమ్మగారూ అని. ఆవిడ నెలనెలా వాడలో ఆడవాళ్ళతో అరిసాన్ నడిపేది, మన చిట్టీలాంటిది. అందరూ తలో మొత్తం వేస్తారు, పేర్లు రాసిన చీటీలు చుట్టి గాజుగ్లాసులో వేస్తారు, పైన కన్నం పెట్టిన మూత. గ్లాసుని గలగలా ఊపితే ఏ చీటీ బయటపడితే ఆ నెల డబ్బు వాళ్ళది. పాట లేదు, తగ్గింపు లేదు. ముందు నెలే డబ్బు తీసుకున్నావిడ తర్వాత నెలల్లో ఎగ్గొడితే ఆపే కాగితం ఒక్కటీ లేదు. ఇబుని నేనే అడిగాను, మనుషుల్ని నమ్మొచ్చా అని. ‘జాగ్రత్తగా ఉండాలమ్మా’ అంది, గ్లాసు ఊపుతూనే.

ఆ ఇంట్లో పిల్లలు ఇంకో రకం. రాత్రి పదింటికి లైబ్రరీ నుంచి రావాలంటే ఓజోల్ పిలిచేవాళ్ళు, అంటే యాప్‌లో బుక్ చేసే బైకు టాక్సీ. గోజెక్ యాప్ 2015లో వచ్చింది. అంతకుముందు మూలమలుపులో నిలబడి, బేరమాడి, తెలిసిన ఓజెక్, అంటే బైకు టాక్సీ అతన్నే పిలిచేవారు. ఇప్పుడు ఆకుపచ్చ జాకెట్ వేసుకున్న ముక్కూమొహం తెలియని మనిషి హెల్మెట్ అందిస్తాడు. పిల్ల ముందు బండి నంబరు ఫోన్లో ఉన్నదానితో సరిచూస్తుంది, తన లొకేషన్ స్నేహితురాళ్ళ గ్రూపులో పెడుతుంది, అప్పుడు ఎక్కుతుంది. ఇది నమ్మకమా, అపనమ్మకమా? ప్రిన్సిపాల్ గారూ, ఆ పిల్ల రెండూ ఒకేసారి చేస్తోంది. ఇబు పరపతి చూసి నమ్ముతుంది. ఈ పిల్ల నంబరు, రేటింగు, స్నేహితురాళ్ళ కాపలా చూసుకుని నమ్ముతుంది. పరిశోధకులు చూడాల్సింది ఈ పద్ధతి మారడాన్ని. అది వదిలేసి ఐదు శాతం దగ్గర కూర్చుని ఏడుస్తాం.

ఆన్‌లైన్‌లో తిట్లు, బెదిరింపులు కూడా పిల్లల పనే అంటారుగా. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2020కి ఆన్‌లైన్ మర్యాద మీద ఒక సూచీ తయారుచేశారు. 32 దేశాల్లో ఇండోనేషియా 29వది. అది బయటికి రాగానే జనం ఆ కంపెనీ ఇన్‌స్టాగ్రామ్ మీద పడి, మమ్మల్నే అమర్యాదస్తులంటారా అని తిట్టిపోశారు. కంపెనీ కామెంట్లు మూసుకోవాల్సి వచ్చింది. అంకె నిజమేనని వాళ్ళే రుజువు చేసినట్టయింది! కానీ లోపలి పట్టిక ఎంతమంది చదివారు? టీనేజీ పిల్లల స్కోరు అంతకుముందు ఏడాది ఎంతో అంతే ఉంది. దిగజారింది పెద్దవాళ్ళది. ముందు వరసలో వాళ్ళు ఇప్పుడు చప్పట్లు కొట్టట్లేదేం?

ఇక ఆన్‌లైన్ అప్పులు. రాసుకొచ్చినదాంట్లో ఇది మూడు లైన్లే. కానీ మూడు లైన్లతో వదలను. అక్కడ పిన్‌జోల్ అంటారు. యాప్ వేసుకోగానే కాంటాక్టులు, ఫోటోలు చూడ్డానికి అనుమతి అడుగుతుంది. చేతికొచ్చేది అడిగినదానికంటే తక్కువ, కట్టాల్సింది ఎక్కువ, గడువు కొద్దిరోజులే. తప్పితే ఫోన్లో ఉన్న ప్రతి నంబరుకీ మెసేజీలు. అక్కడి ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఓజేకే, లైసెన్సున్న యాప్‌లు కెమెరా, మైకు, లొకేషన్ తప్ప ఇంకేవీ ముట్టుకోకూడదని 2019లోనే కట్టడి చేసింది. లైసెన్సు లేనివాళ్ళకి ఆ లెక్కేముంది? 2021 అక్టోబరులో పోలీసులు వాళ్ళ ఆఫీసుల మీద దాడులు చేశారు, కొత్త లైసెన్సులు ఆపేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మనవాళ్ళకి ఇది కొత్త కథేం కాదు. 2020 చివర్లో ఆత్మహత్యలు జరిగాక హైదరాబాద్ పోలీసులు ఇక్కడా, గురుగ్రామ్‌లోనూ ఇలాంటి కాల్ సెంటర్ల మీదే పడ్డారు.

ఆ రోజుల్లో నాకూ ఒక మెసేజి వచ్చింది. నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఫోటో, కింద ‘వీడు దొంగ, మీ పేరు హామీగా ఇచ్చాడు’ అని. వాడు నా పేరు ఎక్కడా ఇవ్వలేదు. వాడి ఫోన్లో నా నంబరుంది, అంతే. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పటిదాకా పండక్కి పండక్కి ఫోన్ చేసేవాడు, మానేశాడు. వాణ్ణి నమ్మే మనుషుల జాబితానే ఆ యాప్ తాకట్టు పెట్టుకుంది! ఏడాది తర్వాత ఏ సర్వే కుర్రాడో వెళ్ళి వాణ్ణి ‘మనుషుల్ని నమ్మొచ్చా’ అని అడిగితే లేదనే అంటాడు. దాన్ని మనం యువత ప్రవర్తనలో మార్పు అని అధ్యాయం రాసుకుంటాం. యాప్ కట్టినవాళ్ళ ప్రవర్తన మీద అధ్యాయం ఎవరు రాస్తారమ్మా? వెనకాల కూర్చున్నవాళ్ళని అడుగుతున్నాను.

టైము అయిపోయిందని చీటీ వచ్చింది. ఇంకొక్కటి చెప్తాను.

2025 ఆగస్టులో ఇండోనేషియా పార్లమెంటు సభ్యులకి నెలకి 5 కోట్ల రూపాయల ఇంటి భత్యమని తెలిసి జకార్తాలో జనం రోడ్డెక్కారు. మన రూపాయలు కాదు కంగారుపడకండి, వాళ్ళ రూపియాలు. అయినా జకార్తా కనీస వేతనానికి దాదాపు పదింతలు. ఆగస్టు 28 రాత్రి పోలీసుల కవచ వాహనం కింద పడి 21 ఏళ్ళ ఓజోల్ కుర్రాడు చనిపోయాడు. ఆ వీడియో దేశమంతా చూసింది. గొడవలు ముదిరాక టిక్‌టాక్ కొన్నాళ్ళు లైవ్ ఆపేసింది. ఆ వారంలోనే మలేషియాలో, ఫిలిప్పీన్స్‌లో, థాయిలాండ్‌లో ఉన్న కుర్రకారు భోజనాలు తెప్పించుకునే గ్రాబ్ యాప్ తెరిచి, జకార్తా అడ్రసు పెట్టి భోజనాలు ఆర్డర్ చేశారు. డ్రైవరుకి మెసేజి: ‘ఇది మీకే, మీరే తినండి.’ ఎప్పుడూ చూడని మనిషికి, ఇంకో దేశంలో, డబ్బు ముందే కట్టి! నూటికి ఐదుగురే నమ్మొచ్చన్న ఊళ్ళో, ఆ అన్నం అందిందా లేదా అని అడిగే నాథుడు లేకుండా.

పార్లమెంటునీ, పోలీసులనీ నమ్మేది లేదన్న కుర్రాళ్ళు, తెలియని డ్రైవరుకి అన్నం పంపిన కుర్రాళ్ళు వేర్వేరు అనుకుంటున్నారా? చాలామంది ఒకళ్ళే. ‘ఎక్కువమంది’ అని గంపగుత్తగా అడిగే ప్రశ్నకి ఈ తేడా చిక్కదు.

సెకండియర్ పిల్లలు వచ్చే నెల సర్వేకి వెళ్తున్నారని హెడ్ గారు ప్రశ్నాపత్రం చూపించారు. ఏడో ప్రశ్న ఇదే, అక్షరం పొల్లుపోకుండా. కొట్టేయండి. దాని బదులు, అర్ధరాత్రి డబ్బు అవసరమైతే ముందు ఎవరికి ఫోన్ చేస్తావని అడగండి. ఆ మనిషికి కిందటిసారి ఎందుకు చెయ్యలేదని కూడా అడగండి. జవాబుకి గడులు వద్దు, నాలుగు లైన్లు ఖాళీ వదలండి. ఇంకోటి, మీ పత్రంలో వయసు గడులు 35 దగ్గర ఆగిపోయాయి. 60 దాటినవాళ్ళకీ ఒక గడి పెట్టండి, వాళ్ళ ఫోన్లో ఎన్ని వాట్సాప్ గ్రూపులున్నాయో రాసుకోండి. ప్రింటుకి ఇచ్చే ముందు నాకొకసారి పంపితే చూసిపెడతాను.