అమ్మకి కళ్ళు తిరిగాయి

అందరికీ నమస్కారం అండీ. కూకట్‌పల్లిలో పిల్లలు ఫారిన్‌లో లేని ఇల్లు వెతకాలి, మనం కూడా ఆర్నెల్లకని వెళ్తుంటాం, మందులు పచ్చళ్ళు ఇన్సూరెన్సు కాగితాలు అన్నీ సర్దుకుంటాం గానీ అక్కడ డాక్టరుతో ఎవరు మాట్లాడతారంటే మాత్రం అబ్బాయి ఉన్నాడుగా అనేస్తాం.

మేమూ అలాగే వెళ్ళాం. డల్లాస్‌లో హాస్పిటల్‌కి వెళ్ళిన రోజు తమ్ముడు ఆఫీసులో ఉన్నాడు, పదమూడేళ్ళ మేనల్లుడు తోడొచ్చాడు. అమ్మ "కళ్ళు తిరుగుతున్నాయిరా, దడగా ఉంది" అంటే వాడు అక్కడే పుట్టిన పిల్లాడు కదా, కళ్ళు గుండ్రంగా తిరుగుతున్నాయని ఇంగ్లీషులో చెప్పాడు, డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూస్తూ కూర్చున్నాడు. దడ సంగతి ఎటో పోయింది. ఇంకోటి, మూత్రం దగ్గర మంట ఉందని మనవడి ముందు ఆవిడ ఎలా చెప్తుంది చెప్పండి?

జలుబుకీ బీపీ మాత్రలకీ కొడుకు చాలు. ఆపరేషన్ ముందు సంతకం పెట్టాలన్నా, బయాప్సీ రిజల్ట్ చెప్తారన్నా, డిశ్చార్జి రోజు ఏ మాత్ర ఏ పూట అన్నా ఇంటర్‌ప్రెటర్, అంటే మన మాట డాక్టరుకీ డాక్టరు మాట మనకీ ఉన్నదున్నట్టు చెప్పే బయటి మనిషి, ఉండాల్సిందే. క్యాన్సర్ అని డాక్టరు చెప్తే "చిన్న గడ్డ నాన్నా" అని తిప్పి చెప్పిన కొడుకుని నేను చూశా, ప్రేమతోనే చెప్పాడు, కానీ ఆ నాన్న కీమోకి ఒప్పుకుంటున్నానని తెలియకుండానే సంతకం పెట్టాడు.

అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే హాస్పిటల్ మన దగ్గర పైసా తీసుకోకుండా ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలి, 2010 హెల్త్ చట్టం 1557 సెక్షన్ అది, ఎమర్జెన్సీలో తప్ప చిన్నపిల్లల చేత చెప్పించకూడదని కూడా రూలుంది. జర్మనీలో అలా కాదు, మామూలుగా మనమే డబ్బులిచ్చి పెట్టుకోవాలి, అక్కడే ఎప్పుడు అవసరమో లెక్క చూసుకోవాలి. అపాయింట్‌మెంట్ అప్పుడే తెలుగు అని గట్టిగా చెప్పండి, ఇండియా అంటే హిందీ మనిషిని పెట్టేస్తారు. మన హైదరాబాద్ టోలిచౌకిలో చూడండి, యెమెన్, సూడాన్ నుంచి వైద్యానికొచ్చినవాళ్ళు చాలామంది అరబ్బీ తెలిసిన మనిషి లేకుండా డాక్టరు గదిలోకి వెళ్ళరు.

రెండోసారి వెళ్ళినప్పుడు మేం అడిగి పెట్టించుకున్నాం. స్పీకర్ ఫోన్లోంచి ఒకావిడ "చెప్పండమ్మా, ఏమైంది" అంది, మా అమ్మ మమ్మల్ని బయటికి వెళ్ళమని సైగ చేసి పావుగంట మాట్లాడింది.