మూలుగను తప్పించి పెట్టే కరెంటు

శ్రోతలకు నమస్కారం.

మాంసం కూర వండిన రోజున మూలుగ బొక్క కోసం పిల్లలు పోట్లాడుకోని ఇల్లు ఉండదు. పళ్లెం అంచుకు తట్టి, సర్రున పీల్చుకుని తినే ఆ మెత్తటి పదార్థం మన ఎముకల్లోనూ ఉంది. పెద్దవాళ్ల కాళ్లు చేతుల పొడవాటి ఎముకల్లో ఉండేది చాలావరకు పచ్చటి కొవ్వు మూలుగే. దానివల్ల రక్తం తయారు కాదు. రక్తం పుట్టేది ఎర్ర మూలుగలో. మీరు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడితే అరచేతుల కింద గట్టిగా తగిలే కటి ఎముకలూ, వాటి మధ్య నడుము వెన్నుపూసలూ ఉన్నాయే, ఒంట్లో పనిచేసే మూలుగలో దాదాపు సగం అక్కడే ఉంటుంది.

చిక్కు కూడా అక్కడే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ సరిగ్గా ఆ ఎముకల మధ్యకే వెళ్లాలి. మన ఊళ్లలో దీన్ని 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాట విని షాక్ కొడుతుందేమోనని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. షాక్ ఉండదు, నొప్పీ ఉండదు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు పెడతారు. దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు. ఆ మందు కూడా మూలుగ మీద కొంత ప్రభావం చూపుతుంది. అంటే మూలుగకు దెబ్బ రెండు వైపుల నుంచీ.

పాత పద్ధతిలో ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి నాలుగు కిరణాలు వేసేవారు. పక్క కిరణాలు కటి ఎముకల్లోంచే దూసుకుపోయేవి. ఇప్పుడు ఐఎంఆర్‌టీ అనే కొత్త పద్ధతి వచ్చింది. యంత్రం తలలో టంగ్‌స్టన్ రేకులు వరసగా ఉంటాయి. ఒక్కో రేకూ విడిగా జరుగుతూ కిరణాన్ని కావలసిన ఆకారంలో మలుస్తుంది. అంతకుముందే సీటీ స్కాన్‌లోని ఒక్కో పొర మీదా మేం, అంటే రేడియేషన్ డాక్టర్లం, గడ్డనూ, మూత్రాశయాన్నీ, పేగులనూ, ఎముకలనూ గీతలతో చుట్టి, 'ఇక్కడ తగ్గించు' అని కంప్యూటర్‌కు చెబుతాం. రేడియేషన్ మోతాదును 'గ్రే'లలో కొలుస్తాం. గడ్డకు 45 నుంచి 50 గ్రే పడాలి. మూలుగ అంత తట్టుకోలేదు. అందుకే 10, 20 గ్రే పడే ఎముక భాగం ఎంతుందో కూడా లెక్క చూస్తాం. కొన్నిచోట్ల పెట్ స్కాన్ తీసి, చురుగ్గా పనిచేస్తున్న మూలుగ ఏ మూల ఉందో చూసుకుని అక్కడే ఎక్కువ జాగ్రత్త పడతారు.

అలాగని అంతా తప్పించలేం. ఇది పొట్టి దుప్పటి వ్యవహారం. ఎముక నుంచి కిరణాన్ని పక్కకు లాగితే పేగు మీద పడుతుంది, పేగును కప్పితే ఎముక బయటపడుతుంది. గడ్డకు అందాల్సిన మోతాదును మాత్రం మూలుగ కోసం తగ్గించం. అందుకే ప్రతిరోజూ నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని రమ్మంటాం. నిండిన మూత్రాశయం పేగులను పైకి నెడుతుంది, మాకు కాస్త చోటు దొరుకుతుంది. బయట బెంచీ మీద నీళ్ల సీసా పట్టుకుని 'ఇంకెంతసేపు మేడమ్' అని అడిగే అమ్మలకు నా క్షమాపణలు.

మూలుగలో పుట్టే తెల్లకణాల్లో ముఖ్యమైనవి కొన్ని గంటల నుంచి కొద్ది రోజులే బతుకుతాయి. ప్లేట్‌లెట్లు ఎనిమిది, పది రోజులు. ఎర్రకణాలు 120 రోజులు. అందుకే మూలుగ నీరసిస్తే ముందు తెల్లకణాలు పడిపోతాయి, హిమోగ్లోబిన్ నెమ్మదిగా దిగుతుంది. పైకి మనిషి బాగానే కనిపించినా వారం వారం రక్తపరీక్ష మానకూడదు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి రండి. బొప్పాయి ఆకు రసం సంగతి చాలామంది అడుగుతారు. అది ఈ మూలుగను కాపాడుతుందనడానికి ఆధారం లేదు. అసలే విరేచనాలయ్యే రోజుల్లో ఆ చేదు రసం ఎందుకు?

ఒకామె భర్త ప్రతివారం తెల్లకణాల లెక్కను క్యాలెండర్ కాగితం వెనక రాసేవాడు. 6,200. 4,100. నాలుగో వారం 1,900. ఆ రోజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "కరెంటు ఓ పది రోజులు ఆపండి మేడమ్, ఒళ్లు కుదురుకున్నాక తీసుకొస్తాను" అన్నాడు. ఆ వారం సిస్‌ప్లాటిన్ ఆపాం, కరెంటు ఆపలేదు. గర్భాశయం లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్‌తో కలిపి మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లో పూర్తికావాలి. మధ్యలో వదిలేస్తే గడ్డ మళ్లీ పుంజుకుంటుందని కూర్చోబెట్టి చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు, కానీ నమ్మకంగా కాదు. 54వ రోజుకి చికిత్స పూర్తయింది.

నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ముందు ఆ కాగితమే నా బల్ల మీద పెట్టాడు. చివర 4,300 అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

ఉంటాను, నమస్కారం.