పేరు పక్కన ‘క్యూ’: మహిళల సింగిల్స్ డ్రా చదవడం ఎలా?

[స్క్రీన్ మీద: పొడవాటి డ్రా షీటు. కెమెరా పైనుంచి కిందికి నెమ్మదిగా జరుగుతుంది.]

నమస్తే. టెన్నిస్‌లో గ్రాండ్‌స్లామ్ అనే పెద్ద టోర్నీ మొదలయ్యే ముందు విడుదలయ్యే డ్రా షీటు ఇది, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టిక. మహిళల సింగిల్స్‌లో మొత్తం 128 పేర్లు. చాలామంది తమకు నచ్చిన ప్లేయర్ ఎక్కడుందో చూసుకుని వదిలేస్తారు. పేర్ల పక్కన ఉన్న చిన్న చిన్న గుర్తులు కూడా చూడండి. అసలు కథ అక్కడుంది.

ముందు లెక్క. ఆస్ట్రేలియన్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ నాలుగింట్లోనూ ఒకటే పద్ధతి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. 128 మంది 64 అవుతారు, 64 మంది 32. అలా వరసగా ఏడు మ్యాచ్‌లు గెలిస్తే ట్రోఫీ.

[స్క్రీన్ మీద: కొన్ని పేర్ల పక్కన 1, 2, 3... అంకెలు వెలుగుతాయి.]

ఈ అంకెలు సీడింగ్. ర్యాంకింగ్‌ను బట్టి 32 మందికి ఇస్తారు. 1వ సీడ్ షీటు పైన, 2వ సీడ్ అట్టడుగున. కాబట్టి వాళ్లిద్దరూ ఎదురుపడితే ఫైనల్లోనే. సీడ్ ఉన్న ఇద్దరు మూడో రౌండ్ కంటే ముందు తలపడరు. సీడ్ లేనివాళ్లకు ఆ రక్షణ లేదు. మొదటి రోజే 1వ సీడ్ ఎదురుకావచ్చు. మొదటి రౌండ్ మ్యాచ్‌లు చూడమని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఇక ఆట. మూడు సెట్లలో రెండు గెలవాలి. పురుషులకు ఐదు సెట్లు కాబట్టి మొదటి రెండూ పోయినా కోలుకోవచ్చు. ఇక్కడ ఒక అరగంట చెయ్యి తిరగకపోతే సగం మ్యాచ్ పోయినట్టే.

[స్క్రీన్ మీద: 6-0, 6-0]

2025 వింబుల్డన్ ఫైనల్ స్కోరు ఇది. ఇగా స్వియాటెక్ గెలుపు, అమాండా అనిసిమోవా ఓటమి. 57 నిమిషాల్లో ముగిసింది. సెమీస్‌లో ప్రపంచ నంబర్ వన్ సబలెంకాను ఓడించి వచ్చిన అమ్మాయే అనిసిమోవా! ఆ తర్వాత యూఎస్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో ఇదే స్వియాటెక్‌ను రెండు వరస సెట్లలో ఓడించింది. ఆ మ్యాచ్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

[స్క్రీన్ మీద: ‘డబ్ల్యూసీ’, ‘క్యూ’ గుర్తులు.]

డబ్ల్యూసీ అంటే వైల్డ్ కార్డ్. ర్యాంకు సరిపోకపోయినా నిర్వాహకులు ఇచ్చే అవకాశం. 2009లో కిమ్ క్లైస్టర్స్ తల్లయ్యాక తిరిగొచ్చి, ఈ కార్డుతోనే యూఎస్ ఓపెన్ గెలిచింది.

క్యూ అంటే క్వాలిఫయర్. మెయిన్ డ్రాకు ముందే, పెద్దగా జనం లేని కోర్టుల్లో మరో 128 మంది ఆడతారు. మూడు మ్యాచ్‌లు గెలిచిన 16 మందికే లోపలికి దారి. అంటే క్వాలిఫయర్‌కు టైటిల్ కావాలంటే ఏడు కాదు, పది గెలుపులు కావాలి.

2021 యూఎస్ ఓపెన్‌కు ఎమ్మా రదుకాను వచ్చింది అలాగే. వయసు 18, ర్యాంకు 150. క్వాలిఫయింగ్ అవ్వగానే ఇంటికెళ్లడానికి ఫ్లైట్ టికెట్లు కూడా బుక్ చేసుకుని ఉంది. ఆ ఫ్లైట్ ఎక్కలేదు. మూడు మ్యాచ్‌లు గెలిచింది, ఆ తర్వాత ఇంకో ఆరు. ఎక్కడా ఒక్క సెట్ కూడా ఇవ్వలేదు.

ఫైనల్లో ఎదుట 19 ఏళ్ల లేలా ఫెర్నాండెజ్. ఆమెకూ సీడ్ లేదు. మొదటి సెట్ రదుకానుది, 6-4. రెండో సెట్లో 5-3 ఆధిక్యం, టైటిల్ కోసం సర్వీస్ చేస్తోంది. ఒక బంతి కోసం జారుతూ వెళ్లేసరికి మోకాలు గీసుకుపోయి రక్తం వచ్చింది. రక్తం కారుతుంటే ఆడనివ్వరు. ఆట ఆపి కట్టు కట్టారు. అప్పటికి బ్రేక్ పాయింట్ ఫెర్నాండెజ్ చేతిలో ఉంది, అంటే ఆ ఒక్క పాయింట్ గెలిస్తే రదుకాను సర్వీస్ చేస్తున్న గేమ్ ఆమెదే. ఈ సమయంలో ఆట ఆగడమేంటని ఆమె అడిగింది. ఆ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే.

[స్క్రీన్ మీద: ఖాళీ కోర్టు, బేస్‌లైన్ దగ్గర బంతి. రెండు క్షణాలు నిశ్శబ్దం.]

రదుకాను మోకాలికి కట్టుతో లేచింది. బ్రేక్ పాయింట్లు కాపాడుకుంది. మ్యాచ్ పాయింట్ మీద ఏస్, అంటే ఎదుటి ప్లేయర్ తాకలేని సర్వీస్!

[స్క్రీన్ మీద: 2021 డ్రా షీటు. విజేత పేరు, దాని పక్కన ‘క్యూ’.]