బి3తో మొదలై 17 ఎత్తుల్లో ముగిసిన ఆట

[విజయనగరం గంటస్తంభం. వెనక నుంచి గొంతు]

పోయిన వేసవిలో ఇక్కడికి దగ్గర్లోనే ఓ చదరంగం టోర్నమెంట్ ఆడాను. నావి తెల్లపావులు, మొదటి ఎత్తు బి3, అంటే బి నిలువు వరుసలోని బంటును మూడో గడికి జరపడం. ఎదురుగా పదకొండేళ్ల పాప. ఇరవై ఎత్తులైనా కాకముందే ఓటమి ఒప్పుకుని చేయి కలిపాను. పాప లేస్తూ, "అంకుల్, మీ గుర్రం ఒక్కటే మూడుసార్లు నడిచింది" అంది. సిగ్గేసింది. కానీ ఇదే తప్పు చేసి ఓడిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు.

[బోర్డు]

ఇ4, డి4 ఆడేవాళ్లు నడిమి గళ్లలో బంట్లను నిలబెడతారు. బి3 ఆడితే బిషప్ బి2లో కూర్చుని మూల నుంచే నడిబొడ్డు మీద కన్నేస్తుంది. జంక్షన్‌లో నిలబడకుండా మేడమీంచి చూడటమన్నమాట. అయితే కింద గొడవ మొదలైతే టైమ్‌కి దిగిరావాలి.

1970, బెల్‌గ్రేడ్. సోవియట్ జట్టుకీ మిగతా ప్రపంచానికీ పోటీ. ప్రపంచ జట్టు మొదటి బోర్డు, అంటే జట్టులో అగ్రస్థానం, మీద డెన్మార్క్ ఆటగాడు బెంట్ లార్సెన్. అమెరికా దిగ్గజం ఫిషర్ అంతటివాడు రెండో బోర్డుకి ఒప్పుకున్నాడు! లార్సెన్ ఎదుట అప్పటి ప్రపంచ ఛాంపియన్ స్పాస్కీ.

[ఎత్తులు నెమ్మదిగా]

బి3, ఇ5. బిషప్ బి2, గుర్రం సి6. సి4, గుర్రం ఎఫ్6. ఇక్కడ లార్సెన్ గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చాడు. వెంటనే నల్లబంటు ఇ4కి వచ్చి తరిమింది. గుర్రం డి4కి పోయి, ఆ తర్వాత సి6లోని గుర్రాన్ని కొట్టి తానూ పోయింది. మూడు ఎత్తులు ఖర్చుపెట్టి, ఒక్కసారే కదిలిన గుర్రంతో మార్పిడి. ఏటి బేరమిది!

స్పాస్కీ ఈలోగా పావులన్నీ బయటికి తీసి, రాజును పక్కకు జరిపి ఏనుగును దాని పక్కన పెట్టే క్యాస్లింగ్ కూడా చేసేశాడు. తెల్లరాజు మాత్రం నడిమధ్యే ఉండిపోయాడు.

[ఆపి, ఏనుగు మీద జూమ్]

పదో ఎత్తులో నల్లగుర్రం జి4లో దిగింది. దాన్ని బలిచ్చి, హెచ్ బంటును జి3 దాకా తోశాడు. పద్నాలుగో ఎత్తు చూడండి: ఏనుగు హెచ్1! ఊరికే ఇచ్చేశాడు. లార్సెన్ దాన్ని కొట్టగానే బంటు జి2కి దిగింది, తర్వాత మంత్రి హెచ్4 నుంచి చెక్. బంటు కాస్తా చివరి వరుస చేరి మంత్రి అయ్యేసరికి 17 ఎత్తుల్లో ఆట ముగిసింది.

మరుసటి ఆటలో అదే స్పాస్కీని లార్సెన్ ఓడించాడు.

[బోర్డు మళ్లీ నాలుగో ఎత్తుకి]

నేనైతే బి3 మానలేదు. ఇక్కడ గుర్రాన్ని తీయకుండా ముందు ఇ3 ఆడుతున్నాను. అప్పుడు ఆ నల్లబంటు ముందుకొచ్చినా తరమడానికి ఎదురుగా ఏమీ ఉండదు.