వదంతి ఎప్పుడు నేరమవుతుంది?

శ్రోతలందరికీ నమస్కారం.

పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి 2018 వేసవిలో వాట్సాప్ ద్వారా దేశంలో అనేక ప్రాంతాలకు పాకింది. రెండు తెలుగు రాష్ట్రాలతో సహా పలుచోట్ల జనం అమాయకులపై విరుచుకుపడ్డారు. కొందరు ఆ దెబ్బలకు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చెయ్యి చేసుకున్నవారిపై కేసు పెట్టడానికి చట్టంలో సందిగ్ధమేమీ లేదు. కానీ ఎక్కడో కూర్చుని ఆ సందేశాన్ని పుట్టించినవాడి మాటేమిటి? అది నిజమేనని భయపడి, నలుగురినీ జాగ్రత్తపరచాలనుకుని ముందుకు పంపిన ఒక తల్లి మాటేమిటి? ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదన్నదే నేను ఈ రోజు మీకు విన్నవించదలచిన విషయం.

అబద్ధం చెప్పడం దానంతట అదే మన చట్టంలో నేరం కాదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 353వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలోని 505వ సెక్షన్ స్థానంలో వచ్చింది. ప్రకటన, వదంతి, నివేదిక అన్న పాత మాటలకు 'తప్పుడు సమాచారం' అన్న మాటను, ఎలక్ట్రానిక్ మాధ్యమాల ప్రస్తావనను ఇది జోడించింది. అయితే ఆ సమాచారం ప్రజల్లో భయాందోళనలు కలిగించే ఉద్దేశంతో చెప్పినదో, కలిగించే అవకాశమున్నదో కావడం ఒక్కటే చాలదు; ఆ భయం వల్ల ఎవరైనా రాజ్యానికి గాని ప్రజాశాంతికి గాని వ్యతిరేకంగా నేరం చేయడానికి పురికొనే అవకాశం కూడా ఉండాలి. అప్పుడే మూడేళ్ల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. విపత్తుల విషయంలో మాత్రం వేరే ఏర్పాటు ఉంది: విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక చేసి జనాన్ని బెంబేలెత్తించినవారికి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఏడాది వరకు జైలు నిర్దేశించింది.

353వ సెక్షన్ చివర ఒక మినహాయింపు ఉంది. నా దృష్టిలో ఆ సెక్షన్‌కు ప్రాణం అదే. చెప్పినది నిజమని నమ్మడానికి సహేతుకమైన కారణాలుండి, దురుద్దేశం లేకుండా, సద్భావంతో చెప్పినవారికి ఈ నేరం అంటదు. నేను చెప్పిన తల్లికి రక్ష అక్కడే ఉంది. వర్గాల మధ్య ద్వేషం రగిల్చే వదంతులకు సంబంధించి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1997లోనే, నేరపూరిత ఉద్దేశం రుజువు కావలసిందేనని స్పష్టం చేసింది.

ఇంత జాగ్రత్తగా రాసిన సెక్షన్‌లోనూ 'కలిగించే అవకాశమున్న' అన్న మాట నన్ను కలవరపెడుతుంది. ఉద్దేశానికి సాక్ష్యం వెతకాలి. అవకాశాన్ని మాత్రం ఎవరైనా ఊహించవచ్చు. ఆ ఊహకు హద్దు లేకపోతే ఏమవుతుందో ఇంటర్నెట్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చేసిన, సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్ విషయంలో చూశాం. చిరాకు, అసౌకర్యం వంటి అస్పష్టమైన మాటలతో నిండిన ఆ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయినా దాని కింద కేసులు ఆగలేదు. ఎవరినీ ఆ సెక్షన్ కింద విచారించరాదని 2022లో కోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. కోవిడ్ రెండో విజృంభణలో ఆక్సిజన్ కోసం, ఆసుపత్రి పడక కోసం సామాజిక మాధ్యమాల్లో మొరపెట్టుకున్న పౌరుల నోరు నొక్కితే కోర్టు ధిక్కారంగా పరిగణిస్తామని 2021 ఏప్రిల్ 30న అదే న్యాయస్థానం హెచ్చరించింది. సాయం కోసం వేసే కేకకూ వదంతికీ తేడా తెలియని అధికారి చేతిలో ఎంత మంచి చట్టమైనా ప్రమాదకరమే.

353వ సెక్షన్ కింద కేసును కోర్టు విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి ముందుగా ఉండాలి. ఇది మేలైన కట్టడే. కాని ఆ అనుమతి అవసరం వచ్చేది కోర్టు గుమ్మం దగ్గర. దర్యాప్తు అంతకు చాలా ముందే మొదలవుతుంది. అందుకే ఆ తల్లికి సందేశం ఎవరి నుంచి వచ్చింది, ఆమె ఎందుకు నమ్మింది, అబద్ధమని తెలిశాక ఏం చేసింది అన్న ప్రశ్నలను పోలీసులు మొదటి రోజే అడగాలి. అలా వెనక్కి వెళ్తేనే, ఆ సందేశాన్ని పుట్టించినవాడి దగ్గరికి వాళ్లు చేరగలుగుతారు.